తల్లి పేరు రాసే గడి

ఎదుటివాడి వాదనలో లోపం ఎక్కడుందో చూపిస్తే చాలు, మిగతాది దానంతట అదే సర్దుకుంటుందని నేను చాలా ఏళ్లు నమ్మాను. కామారెడ్డిలో పదిహేడో ఏట ఒక చర్చావేదిక మీద మొదటిసారి మైకు పట్టుకున్నప్పుడు పట్టుకున్న జబ్బు ఇది. బాణామతి మీద వాదించాను. బాల్యవివాహాల మీద వాదించాను. బొడ్డు పక్కకు జరిగిందని చెప్పి కడుపులు పిసికే ముసలమ్మల మీద ఏకంగా మూడు వ్యాసాలు రాశాను. ఆ జబ్బు ఒక ఆసుపత్రి కౌంటరు ముందు ఏం చేసిందో ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో నేను గెలిచిన వాదనలు రెండున్నాయి. రెండూ ఎందుకూ పనికిరాలేదు.

రోజూ కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లి డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. కాంట్రాక్టు ఉద్యోగం. మా దగ్గర డిగ్రీ ముగించి పీజీలో చేరిన పిల్లలు కొందరు ఆ ఏడాది కామారెడ్డిలో రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, పేరు మార్చినా సంగతి మారదు. హాస్టల్లో ఒక అబ్బాయికి డెంగీ వస్తే ఇంటివాళ్లు ఆసుపత్రి ఖర్చు భరించలేక సగం వైద్యంతోనే తీసుకుపోయారు. అబ్బాయి బతికాడు, చదువు మానేశాడు. ఏటా ఫీజు రసీదులో ‘ఆరోగ్య నిధి’ అని ఒక వరుస ఉంటుంది. ఆ నిధితో నడిచే ఆరోగ్య కేంద్రానికి ఎప్పుడు చూసినా తాళమే. విద్యార్థి గుర్తింపు కార్డు మీదే, విద్యార్థి పేరుతోనే బీమా ఉండాలని పిల్లలు అడిగారు. అంతకంటే తక్కువ కోరిక నేను ఏ ధర్నాలోనూ వినలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక అధికారి ఫైలు పట్టుకుని వచ్చాడు. పిల్లలు నన్ను మాట్లాడమని పిలిచారు కాబట్టి నేనూ ఉన్నాను.

“మీ అందరిండ్లల్ల రేషన్ కార్డులు ఉన్నయి కదా,” అన్నాడాయన, పెళ్లిలో పెద్దమనిషిలా. “దాని మీద సర్కారు ఆరోగ్య పథకం ఉన్నది. మళ్ల ఇంకో బీమా ఎందుకు? ఇంట్ల కార్డు లేనోళ్లు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, చెయ్యెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. విద్యార్థి నాయకుడు నావైపు చూశాడు. నేను లేచి పావుగంట మాట్లాడాను. హక్కు వేరు, దయ వేరన్నాను. ఓటు మనిషికి ఇచ్చి వైద్యం మాత్రం కుటుంబానికి ఇవ్వడం ఏం తర్కమన్నాను. చప్పట్లు మోగాయి. అధికారి చివరిదాకా విని, “మేడం బాగ మాట్లాడిండ్రు. కాని చెయ్యి మాత్రం ఒక్కటి సుత లేవలే,” అని ఫైలు మూసుకుని వెళ్లిపోయాడు.

వెనక నుంచి ఎవరో అడిగారు: “మేడం, మీకున్నదా బీమా?”

“లేదు.”

“అయితే స్పీచు బంద్ జేసి వచ్చి చాప మీద కూసోండ్రి. ఇక్కడ జాగ ఉన్నది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వని మనిషి ఒకతె ఉంది. నా పాత విద్యార్థిని, ఎల్లారెడ్డి దగ్గరి పల్లె పిల్ల. అట్టల మీద నినాదాలన్నీ తనే రాస్తోంది. చేతులెత్తమన్నప్పుడు ఆ పిల్ల కుంచె అట్ట మీదే ఆగిపోయింది. నా ఉపన్యాసం కోసం ఆగిందనుకున్నాను. ఒంగి, కుడి మోచేతిని కడుపుకు ఆనించి రాస్తోందని కూడా చూశాను. చూసి ఊరుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల టెంటులోనే వాంతి చేసుకుని పక్కకు ఒరిగింది. ఒళ్లు కాలిపోతోంది. నాయకుడు ఫోను తీశాడు. “మేడం, పది నిమిషాలు ఆగుదాం. చానెలోళ్లు బస్టాండు దగ్గరనే ఉన్నరట. అక్కను గిట్ల చూపిస్తే రేపటికల్లా...”

“నీ సొంత అక్కయితే చూపిస్తవా?”

వాడి ముఖం మాడిపోయింది. ఫోను జేబులో పెట్టుకుని, రోడ్డుకు అడ్డం పడి ఆటో ఆపి, ఆ పిల్లను తనే ఎత్తుకుని ఎక్కించాడు. వాడిని నేను ఇప్పటికీ తిట్టుకోను. నాలుగు రోజులు ఎండలో కూర్చుంటే ఎవరైనా అలాగే ఆలోచిస్తారు.

దగ్గరలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు స్కానింగ్ చూసి, అపెండిక్స్ బాగా వాచిందని, పగిలేలోగా ఆపరేషన్ చేయాలని, సాయంత్రం దాకా ఆగడం మంచిది కాదని చెప్పాడు. అక్కడ ప్రభుత్వ పథకం వర్తిస్తుంది. పిల్ల ఫోన్‌లో రేషన్ కార్డు ఫోటో ఉందని స్నేహితురాలు చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. ఫోటో కౌంటరులో ఇచ్చి, వాళ్లిచ్చిన ఫారం నేనే నింపాను. నా దస్తూరి బాగుంటుంది. తల్లి పేరు రాసే గడిలో తల్లి పేరు రాశాను. ఆమెను నేను బాగా ఎరుగుదును. బిడ్డను పీజీకి పంపమని బతిమాలడానికి వాళ్ల ఇంటికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆమె ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు మడుస్తూ, బీడీ మీంచి చూపు తిప్పకుండానే నాకు జవాబు చెప్పింది.

కౌంటరులోని యువకుడు వివరాలు కంప్యూటరులోకి ఎక్కించి, పైకి పంపి, కాసేపటికి నన్ను పిలిచాడు. “మేడం, తల్లి పేరు కలుస్తలేదు. కార్డుల వేరే పేరున్నది.”

“కార్డులో తప్పు పడి ఉంటుంది.”

“తండ్రి పేరు సుత వేరేనే ఉన్నది. ఎవరి కార్డో పట్టుకొస్తే నడవదు మేడం.”

అంతే, నాకు మైకు దొరికినట్టయింది. ఈ పిల్లను దొంగ అంటున్నావా అని అడిగాను. పేరు కలవకపోతే అపెండిక్స్ వాపు తగ్గుతుందా అని అడిగాను. వైద్యం శరీరానికా, కాగితానికా అన్నాను. చుట్టూ జనం చేరారు. ఒక పెద్దాయన “సహీ మాట” అని తలూపాడు. ఆ యువకుడు “నా చేతుల లేదు మేడం,” అని మాత్రం మళ్లీ మళ్లీ అన్నాడు. గంటసేపు వాదించి పూర్తిగా గెలిచాను. ఆ గంటా పిల్ల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని పడుకునే ఉంది. డాక్టరు ఒకసారి బయటికి వచ్చి, “ఏమైంది, అనుమతి ఇంకా రాలేదా?” అని అడిగి లోపలికి వెళ్లాడు. ఒక ఇంజెక్షన్, ఒక సెలైన్ మాత్రం పెట్టించాడు.

అప్పుడు, స్నేహితురాలు చేసిన ఫోను అందుకుని, ఎల్లారెడ్డి బస్సు దిగి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందు పిల్ల తల్లి. ఆమె చెయ్యి పట్టుకుని, సోడాబుడ్డి కళ్లద్దాలతో, తడుముకుంటూ నడుస్తున్న ఇంకో పెద్దావిడ. తల్లి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

“ఫారం నింపిండ్రా టీచరమ్మా? ఏం పేరు రాసిండ్రు?”

“నీ పేరే రాసిన.”

ఆమె నుదురు కొట్టుకుంది. “అయ్యో! నా పేరెందుకు రాస్తిరమ్మా!”

బీడీ ఊళ్లలో పుట్టనివాళ్లకు ఆ అరుపు అర్థం కాదు. పుట్టకపోయినా ఇన్నేళ్లు పక్కనే బతికిన నాకు అర్థం కావలసింది. ఆ పెద్దావిడ ఆమె తోటికోడలు, బావ భార్య. బీడీ కార్ఖానాలో కార్మికురాలి కార్డు ఆవిడ పేరునే ఉంది. చూపు మందగించి ఆవిడ చాట దించేస్తే, చిన్నామె ఆ కార్డు మీదే బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. కొత్త కార్డు అడిగితే కార్ఖానావాళ్లు ఇవ్వరు, ఉన్న కార్డును ఇంటివాళ్లు వదులుకోరు. ఊళ్లో దాన్ని ఎవరూ మోసం అనరు. ఎంతో మంది అలాగే చుడుతున్నారు. కార్డుంటే పిల్లలకు చదువు సాయం వస్తుంది. కాబట్టి బడిలో చేర్చేటప్పుడు పిల్లను పెద్దామె కూతురని రాయించారు. బడి కాగితాన్ని బట్టి ఆధార్, ఆధార్‌ను బట్టి రేషన్ కార్డు. అసలు తండ్రి దుబాయిలో ఉన్నాడు, కాగితం మీది తండ్రి పెద్దనాన్న. కన్నతల్లి పేరు ఆ పిల్ల కాగితాల్లో ఎక్కడా లేదు. మొదటిసారి రాసింది నేనే.

“నిన్ననే నాకు చెప్పొచ్చు కదా,” అన్నాను పిల్లతో. కోపం ఎవరి మీద చూపాలో తెలియక దాని మీదే చూపాను.

“ఏమని చెప్పాలె మేడం? కార్డు లేనోళ్లు చెయ్యెత్తుమన్నరు. నాకు ఉన్నట్టా, లేనట్టా? ఎత్తి చెప్తే పెద్దవ్వ పేరు బయటికొస్తది. అవ్వ బీడీలు బంద్ అయితయి.” కన్నతల్లిని అది అవ్వ అంటుంది, కాగితం మీది తల్లిని పెద్దవ్వ అంటుంది.

కౌంటరు యువకుడు ఇదంతా విననట్టు కంప్యూటరు వైపే చూస్తున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “మేడం, రాసినోళ్లు తప్పు రాసినమని రాసిస్తే మళ్ల పంపిస్త. కాని అది మీరే రాయాలె. దస్తూరి మీది.”

నిజం చెప్పడం గురించి నేను ఎన్ని వేదికలెక్కానో లెక్కలేదు. ఆ కౌంటరు మీద తెల్లకాగితం పెట్టుకుని, ‘రోగి తల్లి పేరును పొరపాటున తప్పుగా రాశాను’ అని అదే అందమైన దస్తూరితో రాసి సంతకం పెట్టాను. అబద్ధమాడినందుకు నాకు సిగ్గు వేయలేదు. గంట ముందే ఆడనందుకు వేసింది.

అనుమతి వచ్చింది. నర్సు తలుపు తీసి, “తల్లి ఎవరమ్మా? సంతకం పెట్టి లోపలికి రండి,” అని పిలిచింది. ఇద్దరూ ఒక్కసారే అడుగు వేశారు. చిన్నామె ఆగిపోయింది. “నువ్వు పో అక్కా,” అని తోటికోడలి చేతిలో పిల్ల చెప్పులు పెట్టి, తలుపు దాకా నడిపించి, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుంది. నర్సు మళ్లీ బయటికి వచ్చినప్పుడు, “ఆమె మా యారాలు, కండ్లు సరిగ కానరావు, జర పట్టుకో బిడ్డా,” అంది. లోపల ఉన్నది కూతురు. ఈమె జాగ్రత్త చెప్పగలిగింది తోటికోడలి గురించి మాత్రమే.

అంతకుముందే డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కడుపు మీద గట్టిగా పిసికిన గుర్తులున్నాయని, అలాంటి నొప్పికి అలా చేస్తే ప్రాణం మీదికి వస్తుందని కోప్పడ్డాడు. ధర్నా రెండో రోజు రాత్రి పిల్ల ఇంటికి వెళ్లి వచ్చిందట. నా వ్యాసాలు మూడూ ఒక్కసారి గుర్తొచ్చాయి. బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని అడిగేశాను.

“చదువుకునే పిల్ల ఉన్న ఇంట్ల, బొడ్డు జరిగిందని ముసలమ్మతోని పిసికిస్తరా? దవాఖానకు తేవద్దా?”

ఆమె నావైపు తిరగలేదు.

“దవాఖానల ఫస్టు పేరడుగుతరు టీచరమ్మా. తల్లి పేరు, తండ్రి పేరు, కార్డు. ముసలమ్మ ఏదీ అడగదు. కడుపు చూస్తది గంతే.”

వాదించడానికి నా దగ్గర చాలా ఉంది. ముసలమ్మ చూసింది కడుపు కాదు, చేసింది వైద్యం కాదు, పిల్ల చచ్చిపోయేది. అవన్నీ నిజమే, ఇప్పటికీ నిజమే అంటాను. కానీ మూడు వ్యాసాల్లో ఎక్కడా, ముసలమ్మ దగ్గరికి వెళ్లేవాళ్లను ముందు ఏ కౌంటరు వెనక్కి పంపిందో నేను అడగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కాస్త ఆలస్యమైతే పగిలేదని డాక్టరు చెప్పాడు. ఆ ఆలస్యంలో నా గంట ఉంది.

పిల్లలు టెంటు తీయలేదు. ఆ పిల్ల సంగతి ఎక్కడా చెప్పకూడదని నాయకుడే అందరితో ఒట్టు వేయించాడు. చానెలోళ్లు వస్తే, “ఎవలు పడిపోలే, ఎండకు కండ్లు తిరిగినయి,” అని పంపేశాడు. మరికొన్ని రోజులకు అధికారులు దిగివచ్చి, విద్యార్థి పేరుతోనే బీమా చేయిస్తామని ఒప్పుకున్నారు. మిఠాయిలు పంచారు. నాకూ ఒక లడ్డూ వచ్చింది. బీమా మాత్రం రాలేదు, కాంట్రాక్టు లెక్చరర్లు ఆ కోరికలో లేరు.

కుట్లు విప్పించుకున్న వారానికి ఆ పిల్ల ఎల్లారెడ్డి కాలేజీకి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో బీమా ఫారం. బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది. విద్యార్థి పేరు, గుర్తింపు కార్డు నంబరు, కింద తండ్రి పేరు, తల్లి పేరు. వాటి కింద, ‘వివరాలు రేషన్ కార్డుతో సరిపోలాలి’ అని చిన్న అక్షరాల్లో ఒక వరుస.

తల పట్టుకున్నాను. అన్ని రోజులు ఎండలో కూర్చుని సాధించినదాన్ని ఎవడో బల్ల దగ్గర కూర్చుని ఒక్క వరుసతో మళ్లీ ఇంటి కార్డుకు కట్టేశాడు. వాడికి దురుద్దేశం కూడా ఉండదు. పాత ఫారం తెరిచి పైన పేరు మార్చి ఉంటాడు.

“నేను పోయి మాట్లాడుత,” అన్నాను లేస్తూ. “మనిషి పేరు మీద బీమా అన్నప్పుడు...”

“వద్దు మేడం.” పిల్ల ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. “మీరు మాట్లాడితే వాళ్లు ఇనుకుంట కూసుంటరు, మళ్ల చెయ్యెత్తుమంటరు. ఈ గడి తీసేసే దాకా ఫారాలు ఎవ్వలం ఇయ్యమని మా లీడరన్నకు చెప్పిన. సోమారం నుంచి మళ్ల టెంటు.”

“మరి నేనేం చేయాలె?”

“రండ్రి. చాప మీద కూసోండ్రి.” తలుపు దాకా వెళ్లి ఆగింది. “కార్డు కాడ ఇబ్బంది ఉన్నోళ్లు మాలో పదకొండు మంది తేలిండ్రు మేడం. అందరూ బీడీల ఇండ్లోళ్లే. ఈసారి చెయ్యెత్తుమంటే అందరం ఒక్కసారి ఎత్తుదమనుకుంటున్నం. అవ్వకు, పెద్దవ్వకు ఇద్దరికీ చెప్పిన.”

“ఏమన్నరు?”

“అవ్వ ఏడ్చింది. పెద్దవ్వ, నన్ను సుత తీస్కపోండ్రి, నాకు రెండు చేతులున్నయి అన్నది.”

సోమవారం నేను సెలవు పెట్టాను. కాంట్రాక్టు వాళ్లకు సెలవంటే ఆ రోజు జీతం లేనట్టే. సంచిలో ఒక చాప పెట్టుకున్నాను. ప్రసంగం కాగితాలు కూడా పెట్టుకుని, మళ్లీ తీసి బల్ల మీద పెట్టి బయల్దేరాను.