కలలో వచ్చినోణ్ణి అడిగినావా?

గనుల ఊరు ఆండర్సన్‌పేటలో మా పక్కింటి అవ్వకు ఎవరు కల చెప్పినా ఆమె అడిగేది ఒకటే. "వచ్చినోణ్ణి 'తిన్నావా' అని అడిగినావా?" కొళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "కలలో సంగటి యాడ తెచ్చేది అవ్వా?"

నా అరుపులు భరించలేక నా కొడుకు నాతో మాట మానేసిన రోజులవి. నాకు మాటిమాటికీ ఒకే కల వచ్చేది. గనిలోకి మనుషుల్ని దించే ఇనప బోను, కేజ్‌లో నేనుంటాను. తలుపుకు అడ్డంగా ఒకడు నిలబడి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా అరుస్తుంటాడు. వాడి వీపే కనబడేది. గనిలో నా పైన ఉండిన పాత మేస్త్రీ అనుకున్నాను.

అవ్వకు చెబితే ఒప్పుకోలేదు. "కలలో అరిచేటోడు, ఏడ్చేటోడు, దారి చూపేటోడు, అందరూ మన లోపలోళ్లేనప్పా. అరిచేటోడు ఆకలితో ఉంటాడు. ఈసారి అడుగు."

మళ్లీ ఆ కల వచ్చినప్పుడు 'తిన్నావా' అని అడిగాను. వాడు వెనక్కి తిరిగాడు. ముఖం నాదే.

పొద్దున వంటింట్లో కొడుకు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గొంతు తగ్గించి, "తిన్నావా నాయనా?" అన్నాను. వాడు లేచి ఇంకో కంచం తెచ్చి తన పక్కన పెట్టాడు.

అవ్వ ఇప్పుడు లేదు. అరిచేవాడు మాత్రం అప్పుడప్పుడు కలలోకి వస్తుంటాడు. తిన్నావా అని అడిగితే తలుపు వదిలి పక్కకు జరుగుతాడు.