శవం లేచాక ఇంట్లో ఉండే మనిషి

ఐర్లాండ్‌లో మా రాస్‌కామన్ పల్లెల్లో శవం లేచాక ఇల్లు ఖాళీగా ఉండకూడదు. ఎవరో ఒకరు ఉండాలి. శవపెట్టెను ఆనించిన కుర్చీలు వెంటనే పడదొయ్యాలి, లేకపోతే పోయినవాళ్లు తిరిగొచ్చి కూర్చుంటారు. ప్రాణం పోగానే ఆపిన గడియారం నడపాలి, అద్దం మీది గుడ్డ తీయాలి, పూడ్చి తిరిగొచ్చేవాళ్ల కోసం హ్యామ్ అనే పందిమాంసం కోసి, రొట్టెలకు వెన్న రాసి ఉంచాలి. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ ఎవరో ఒకరు డీలియా టూహీ.

మొదలయింది వాళ్ల నాన్న పోయినప్పుడు. "చలిలో నువ్వెందుకే, ఇంట్లో ఉండు" అంది తల్లి. అప్పుడు డీలియాకి ఇరవై. ఆ రోజు టీ బాగా కుదిరింది. ఆమె చేసిన తప్పల్లా అదే. ఆ తర్వాత ఏ ఇంట్లో చావైనా ముందు ఫాదర్‌కి కబురు, వెంటనే డీలియాకి. తల్లి పోయినప్పుడూ ఆమెది వంటగదే. చర్చి గంట వినబడగానే నీళ్లు పెడితే, మొదటి బూటు గుమ్మం తొక్కేసరికి టీ సిద్ధం. నేను పొరుగుదాన్ని కదా, సాయానికి వెళ్లినప్పుడల్లా ఇవన్నీ చెప్పేది. ఇన్నేళ్లలో ఒక్క సమాధి కూడా పూడ్చడం చూడలేదనీ చెప్పింది, నవ్వుతూనే.

ఫిబ్రవరిలో ఆమె అక్క అట్రాక్టా పోయింది. ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు. యాభై ఏళ్లు ఒకే మంచం మీద పడుకున్నారు. రెండు రాత్రులు జాగారం అయింది. పొద్దున మగవాళ్లు పెట్టె ఎత్తారు. డీలియా కుర్చీలు రెండూ కాలితో పడదోసి, నల్ల కోటు తొడుక్కుంది.

"కోటెందుకు చిన్నక్కా?" అన్నాడు తమ్ముడు మలకీ.

"నేనూ వస్తున్నా."

"మరి ఇంట్లో ఎవరుంటారు?"

"మీ ఆవిడ లేదూ?"

"అయ్యో వదినా, నీ చేతి నేర్పు నాకెక్కడ వస్తుంది!" అంది ఊనా, అప్పటికే చేతికి గ్లవ్స్ తొడుక్కుంటూ.

పెట్టె మోస్తున్న ప్యాకీ భుజం మార్చుకుంటూ అన్నాడు: "డీలియా టీ లేకపోతే చచ్చినవాళ్లే నయమర్రా!"

అందరూ నవ్వారు. నేను ఉంటానన్నాను. "నువ్వు నా పక్కన నడవాలి" అని డీలియా నా చెయ్యి పట్టుకుంది. చివరికి తలుపు చేరవేసి అందరం బయల్దేరాం.

గొయ్యి దగ్గర జనం పెట్టె వంక చూడటం మానేసి ఆమె వంక చూశారు. "ఇంట్లో ఎవరున్నారట?" "ఎవరూ లేరట!" ఫాదర్ జపమాల సగంలో ఉండగా మలకీ డీలియా పక్కకి జరిగాడు.

"అక్కా, ఇప్పుడు బయల్దేరినా మేమొచ్చేలోపు టీ అందుకుంటావు. పొలాల కడ్డంబడి పో."

"అది మనక్క రా."

"నలుగురిలో నా పరువు తియ్యకు."

ఆమె కదల్లేదు. పొరుగువాళ్లు నలుగురూ మన్ను నింపి, పారా గుద్దలీ సమాధి మీద శిలువలా అడ్డంగా పెట్టేదాకా నిలబడింది. ఏడవలేదు. ఎన్ని పారల మన్ను పడుతోందో లెక్క పెడుతున్నట్టు చూసింది.

తిరిగొచ్చేసరికి పొయ్యి ఆరిపోయింది. హ్యామ్ ముక్క కొయ్యలేదు. మలకీ గుమ్మంలోంచే చూసి, "పదండి, పబ్బుకి పోదాం" అన్నాడు. వెంట వచ్చిన నలభై మందీ వెనక్కి తిరిగారు. ఊనా మాత్రం ఒక్క క్షణం ఆగి, "నీకిదేం బుద్ధి వదినా" అని వెళ్లిపోయింది.

మేమిద్దరమే మిగిలాం. డీలియా కోటు విప్పలేదు.

"ఇంతేనటే?" అంది. "ఓ గొయ్యి, నలుగురు మగాళ్లు. ఇది చూడనివ్వకుండానా నన్నిన్నేళ్లు లోపల కూచోబెట్టారు?"



ఆ ఏడు మా చుట్టుపక్కల ఇంకా నలుగురు పోయారు. ఇల్లు చూడమని డీలియాని ఎవరూ పిలవలేదు. శవం వెంట రమ్మనీ ఎవరూ పిలవలేదు.