చేన్లో నా గుడారం

పెద్దమందడి దాటాక, కోత అయిపోయిన ఓ చేనులో కారు ఆపి గుడారం వేసుకున్నాను. పక్కనే గొర్రెల మంద దిగి ఉంది. రాత్రి గొర్రెలు పడుకుంటే నేలకు ఎరువని రైతే పిలిపించుకున్నాడట.

పొద్దుగూకే వేళ ఆ రైతు వచ్చాడు.

"ఒక్క ఆడమనిషివి గిక్కడెట్ల పంటవమ్మా? ఏమన్నయితే మాకు మాటొస్తది. తియ్యి."

"తియ్యను," అన్నాను.

ఆయనే వంగి గుడారం మేకు ఒకటి పీకేశాడు.

మంద పక్కన పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్న, ఆ గొర్రెలు కాసే ఆమె లేచి వచ్చింది. "నేను ఆడదాన్ని కానా? ఎండకాలమంత చేన్లల్లనే పండుకుంట. ఈమెను లేపితే నా మందను గూడ లేపుత."

రైతు గొర్రెల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"పండుకోండ్రి," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆయన పీకిన మేకును అక్కడే, ఇంకా లోతుగా దిగ్గొట్టాను.