లెక్కల మాస్టారి అడుగుగుడ్డ

బొంతలక్క ముందుగది నిండా ఒకటే మిషన్. పన్నెండు అడుగుల బల్ల, దాని మీద రెండు పొడవాటి రోలర్లు, వాటి మీదుగా అటూ ఇటూ పరిగెత్తే కుట్టుతల. జనం ముక్కలు అతికి కుట్టిన పైగుడ్డా, దాని కింద వేసే అడుగుగుడ్డా తెచ్చిస్తారు. మధ్యలో దూది పొర ఆవిడే పరిచి, మూడూ కలిపి తీగలూ పువ్వులూ కుట్టి ఇస్తుంది. పైగుడ్డ ఎవరైనా ప్రాణం పెట్టి కుడతారు. అడుగుగుడ్డ దగ్గరికి వచ్చేసరికే అందరికీ చేతులు బరువెక్కుతాయి. "కింద ఉండేదేగా, ఎవరు చూస్తారు?" అంటారు. పదకొండేళ్ళుగా ఆ మాట విని విని ఆవిడకు చెవులు చిల్లులు పడ్డాయి.

అయినా లెక్కల మాస్టారు తెప్పించినంత విసుగు మరెవరూ తెప్పించలేదు.

ఆయన ఆవిడకు బడిలో పాఠం చెప్పినవారే. రిటైరయ్యాక కుట్టుమిషన్ ముందు కూర్చుని, మనవరాలి కోసం ఏడాది పాటు పైగుడ్డ కుట్టారు. డెబ్బై అంగుళాలకు ఎనభై. ఆ ముక్కల మూలలు కలిసిన తీరు చూసి ఆవిడ మెచ్చుకుంది కూడా. తర్వాత అడుగుగుడ్డ విప్పింది. అదీ సరిగ్గా డెబ్బైకి ఎనభై.

"నలువైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువుండాలి మాస్టారూ. రోలర్లకు బిగించాలి, పక్కన క్లిప్పులు పెట్టాలి. కుడుతుంటే గుడ్డ లోపలికి లాక్కుంటుంది."

"చివరికి కత్తిరించి పారేసేదానికి అంత గుడ్డెందుకమ్మాయ్? దండగ."

చెప్పింది. మళ్ళీ చెప్పింది. ఆయన తల ఊపి వెళ్ళారు.

వారం తర్వాత కొత్త గుడ్డతో వచ్చారు. కొలత పెరిగింది. కానీ వెడల్పు చాలక రెండు పన్నాలు కలిపినచోట మిల్లు అంచులు కత్తిరించకుండా అలాగే కలిపి కుట్టేశారు. ఆ బిర్రు అంచు గుడ్డను లాగేసి, కుట్టు పొడవునా వానపాములా ముడుచుకుపోయింది.

"ఈ అంచు తీసేసి కుట్టాలి. కుట్టాక రెండు రెక్కలూ విడదీసి ఇస్త్రీ చేయాలి. గోడ మీద కాగితం అంటించాను, చదవలేదా?"

"చదివాను. అంచు గట్టిగా ఉంటుంది కదా అని ఉంచాను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తుంది? మడిచి చేతిలో పెట్టి పంపింది.

మూడోసారి మాస్టారు నవ్వుతూ వచ్చారు. అంచులు తీశారు, ఇస్త్రీ చేశారు. "డెబ్బై ఎనిమిదికి ఎనభై ఎనిమిది. ఎదురెదురు భుజాలు సమానం. ఇక వంక పెట్టలేవు" అన్నారు. ఆవిడ రోలర్‌కు బిగించి చుట్టింది. గుడ్డ ఒక పక్క డోలులా బిగిసింది, రెండో పక్క ఉయ్యాలలా జారింది. విప్పి మళ్ళీ చుట్టింది. అదే వరస. పక్కన తన బొంత కోసం కాచుకున్న దర్జీ కిసుక్కున నవ్వాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాలుగు భుజాలు సరిపోతే చాలా? ఏటవాలుగా ఒరిగినా భుజాలు సరిపోతాయి! మూల నుంచి మూలకు కొలవండి!"

ఆయన టేపు తీసి కొలిచారు. ఒక కర్ణం రెండో కర్ణం కంటే రెండున్నర అంగుళాలు ఎక్కువ. నూలు పోగు వెంట కత్తిరించకుండా గుడ్డను వంకరగా కోశారన్నమాట.

"ముప్పై ఏళ్ళు పిల్లలకు ఇదేనా చెప్పింది?" అనేసింది.

మాస్టారి ముఖం చిన్నబోయింది. గుడ్డ మడుచుకుని వెళ్ళిపోయారు.

పది రోజులు ఆయన జాడ లేదు. పైగుడ్డ మాత్రం అలమరలో ఉంది. తలుపు తీసినప్పుడల్లా అదే కంటపడేది. అంతమాట అనకపోతే పోయేదేముంది? పైగా చెప్పిన మాట వినకపోవడం ఆయన తప్పైతే, క్షమాపణకు నడిచివెళ్ళాల్సింది తనా అని మళ్ళీ చిరాకు. పదకొండో రోజు చిరాకుతోనే బయల్దేరింది.

తలుపు మాస్టారి భార్య తీసింది. గోడకు వీపు ఆనించి, పీతలా పక్కకు నడుస్తోంది.

"నువ్వేనా అమ్మా ఈయనకు గుడ్డ పిచ్చి ఎక్కించింది? రెండు రోజులైంది, హాల్లో అడుగు పెట్టనివ్వడం లేదు. వంటింట్లోకి ఇలాగే పాకుతున్నాను!"

హాలు నేలంతా గుడ్డే. మాస్టారు మోకాళ్ళ మీద ఉన్నారు. గుడ్డ అంచును పలకరాళ్ళ గీతకు ఆనించి, నాలుగు మూలలా లావుపాటి పుస్తకాలు పెట్టారు. కొత్త గుడ్డే. ఒక్కో పోగు లాగి, అది వదిలిన గీత వెంటే కత్తిరించారట.

"మొన్న నోరు జారాను మాస్టారూ."

"అది తర్వాత. ముందు ఆ మూల పట్టుకో."

ఇద్దరూ కర్ణాలు కొలిచారు. నూట పదిహేడున్నర. నూట పదిహేడున్నర. ఆవిడ కుట్టు తడిమింది, వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్క వంకా దొరకలేదు.

ఆ మధ్యాహ్నమే మిషన్ ఎక్కించింది. గుడ్డ రెండు రోలర్ల మధ్య చెరువు నీళ్ళలా చదునుగా నిలిచింది. నాలుగు గంటల్లో పని తెమిలింది. తిరగేసి చూస్తే అడుగున ఒక్క ముడత లేదు. మాస్టారు పైవైపు చూడనే లేదు, అడుగువైపే నిమురుతూ నిలబడ్డారు.

"బాగా చెప్పావమ్మాయ్. గొంతే కాస్త తగ్గించుకో" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "రెండో మనవరాలికి ఈసారి గుండ్రటి బొంత అనుకుంటున్నాను. అడుగుగుడ్డ కూడా గుండ్రంగానే కోసి తెస్తాను, దండగ ఉండదు" అన్నారు.

బొంతలక్క తిన్నటి రోలర్ల వంక ఓసారి చూసి, తల పట్టుకుని స్టూలు మీద కూలబడింది.