సరోజనక్క తోడు తెచ్చిన మనిషి

నేను వరంగల్‌లో ఒక బస్తీ దవాఖానలో నర్సును. కొత్తవాడలో జంపఖానాలు నేసే సరోజనక్క ఆర్నెల్ల కింద గుండె దడ, నిద్ర పట్టడం లేదంటూ మా దగ్గరికి వచ్చింది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. పని దొరక్క మగ్గం ఆగిపోయిందని, ఇంట్లో చెప్పుకోలేకపోతున్నానని ఆ రోజు ఏడ్చింది. డాక్టరుగారు మందులిచ్చారు. నేను వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించాను.

ఈ రోజు పొద్దున మళ్లీ వచ్చింది, పక్కింటి రమను వెంటబెట్టుకొని. రమ భర్తకు మిల్లులో పని పోయిందట, అప్పట్నుంచి ఆమెకూ నిద్ర పట్టడం లేదట.

"మందు పనిచేసిందా అక్కా?" అని సరోజనక్కను అడిగాను.

"చేసింది సిస్టర్. మల్ల ఆర్డర్లొచ్చినయ్, మగ్గం గూడ నడుస్తాంది. రెండిట్ల ఏది ఎక్కువ పనిచేసిందో నాకేమెరుక" అని నవ్వింది.

తర్వాత తల వంచుకొని కూర్చున్న రమ వైపు తిరిగింది. "ఏడుపొస్తే ఏడువ్ చెల్లె, ఈడ ఎవరేమనుకోరు. రేపటిసంది నాతోని మగ్గానికి నూలు కండెలు చుట్టు. చేతికి పనుంటే జర ఫికర్ తగ్గుతది."

రమ చాలాసేపు ఏడ్చింది. మందులు తీసుకొని మెట్లు దిగుతూ, "రేపు ఎన్ని గంటలకు రావాలె అక్కా?" అని అడగడం వినిపించింది.

కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందినట్టు నాకో సర్టిఫికెట్ ఉంది. దాన్ని సరోజనక్కకు ఇచ్చేయాలేమో, మీరేమంటారు?