వాగు అవతలి సున్నపు రాళ్ళు

సున్నం ఉడికే వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా చేతివేళ్ళు వాటంతట అవే ముడుచుకుంటాయి. మొన్న మా మనవరాలు జ్యోతి బడి నుంచి ఒక బకెట్ మోసుకొచ్చి గడప ముందు పెట్టి నీళ్ళు పోసింది. సున్నపు గడ్డ బుసకొట్టి, పగిలి, తెల్లటి పొగ లేచింది. బడిలో సేవా వారమట, పిల్లల్ని జట్లుగా చేసి దారి పక్క రాళ్ళకు సున్నం వేయిస్తున్నారట. తింటున్న పళ్ళెం అక్కడే వదిలేసి నేను లేచి పోయాను. మా ఇంటాయన బతికున్నప్పుడు గోడలకు సున్నం కొడితే ఆ మూడు రోజులూ పక్కింట్లో ఉండేదాన్ని. ఆయన పోయినాక ఈ ఇంటికి ఎర్రమన్ను తప్ప ఇంకేదీ పూయలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకు నాకు పడదని చెప్తాను. పడకపోవడం కాదు. అది చెప్పాలంటే చర్ల అవతలి అడవిని చెప్పాలి, మా అవ్వను, అంటే కన్నతల్లిని, చెప్పాలి, పదేళ్ళ వయసులో నా చేతుల్తో నేను చేసిన పని చెప్పాలి.

మా ఊరు ఏడాదిలో సగం రోజులు ఖాళీగానే ఉండేది. వానలు పడి జొన్న మొలిచిందంటే అందరూ వాగు దాటి, పోడు చేలల్లో మంచెలూ గుడిసెలూ వేసుకుని అక్కడే ఉండిపోయేవాళ్ళు. పొద్దంతా చిలకల్ని తోలడం, చీకటి పడితే పందుల్ని తోలడం, మధ్యలో వెదురు కొమ్ముల కూర, జొన్న గటక, పుల్లటి ఎర్రచీమల పచ్చడి. ఎండాకాలంలో మళ్ళీ ఊళ్ళోకి వస్తే తెల్లారేసరికి చెట్ల కింద ఇప్పపువ్వు పాలు ఒలికినట్టు పరుచుకుని ఉండేది. మాకంటే ముందు ఎలుగుబంటి వచ్చేది. మా మేనమామ ముఖం సగం దాని గోళ్ళకు పోయింది. మిగిలిన సగంతోనే ఆయన నవ్వేవాడు, మేమూ నవ్వేవాళ్ళం.

విత్తనాల పండుగకు మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకు పోయేవాళ్ళు. ఉత్త చేతుల్తో వస్తే ఆడవాళ్ళు ఊరి మొదట్లో పేడ ముద్దలతో కాచుకుని ఉండేవాళ్ళు. మా అవ్వ గురి తప్పేది కాదు. ముద్ద పోయి సరిగ్గా మా అయ్య మూతి మీద పడేది. "ఏం మొగోనివయ్యా, కుందేలు గూడ నిన్ను జూసి నవ్వింది గావచ్చు!" అని ఆమె అరిస్తే అడవంతా నవ్వినట్టుండేది. పంది దొరికిన ఏడు దాన్ని గొడ్డలి మడమతో తల మీద కొట్టేవాళ్ళు. అది మూడు దెబ్బలకు గానీ పడేది కాదు. రక్తం ఆకు దొప్పల్లో పట్టి, మాంసం ఇంటికొక పోగు పెడుతుంటే పిల్లలం చుట్టూ గుండ్రంగా కూర్చుని చూసేవాళ్ళం. రక్తమంటే మాకు పండుగ వాసన. మనిషి రక్తం వాసన కూడా అదేనని తర్వాత తెలిసింది.

మా వాళ్ళకు పోడు దగ్గర ఒక పట్టింపు ఉండేది. "పొయ్యిన దారిల రావొద్దు, వచ్చిన దారిల పోవొద్దు. గడ్డి పండుకోవొద్దు" అనేవాడు అయ్య. రోజూ ఒకే చోట నడిస్తే బాట పడుతుంది, బాట పడితే చేను ఎక్కడుందో బయటివాళ్ళకు తెలుస్తుంది, తెలిస్తే చేను ఉండదు. అందుకని ఒకరోజు మద్దిచెట్ల మధ్య నుంచి, ఒకరోజు వెదురు పొదల వెనక నుంచి పోయేవాళ్ళం. వాగులో ఇసుక మీద కాకుండా బండల మీద అడుగులు వేసేవాళ్ళం. మరిచిన పిల్లల పిక్కల మీద బరిగె పడేది. నా పిక్కల మీద చాలాసార్లు పడింది.

నన్ను మెయిన్ రోడ్డు మీది ఆశ్రమ బడిలో వేశారు. అక్కడ వార్డెనమ్మ చేతిలో వెదురు బెత్తం, మా పిల్లలకు పళ్ళూ గోళ్ళూ. పక్క ఊరి కన్నమ్మకూ నాకూ పొద్దున నీళ్ళ దగ్గర మొదలైన కొట్లాట గిన్నెలు కడిగేదాకా సాగేది. నేను ఒకసారి ఆమె చెవి తమ్మె కొరికి తెంపేశాను. ఆమె లోటాతో కొట్టి నా ముందు పన్ను సగం విరగ్గొట్టింది. ఇద్దరి మూతులూ రక్తం కారుతుంటే మధిర నుంచి కొత్తగా వచ్చిన పంతులమ్మ చూసింది. కొట్టలేదు. "ఇంత బలం ఉంచుకుని ఒకళ్ళనొకళ్ళు కొరుక్కుంటారేంటర్రా, నలుగురికి పనికొచ్చేది చెయ్యండి" అని మమ్మల్ని జట్లుగా విడదీసింది. మా ఊరి ఏడుగురు పిల్లలం ఇప్ప జట్టు, నేను లీడర్. కన్నమ్మ వాళ్ళది మద్ది జట్టు.

ఆ నెలలో సేవా వారం పెట్టింది. కాన్పులు చూసే సర్కారు నర్సమ్మ మెయిన్ రోడ్డు దాకా వచ్చి, లోపలి ఊళ్ళకు దారి తెలియక తిరిగి పోతోందని, ప్రతి జట్టూ తమ ఊరి దాకా రాళ్ళు పేర్చి సున్నం వేయాలని చెప్పింది. ఎక్కువ దూరం వేసిన జట్టు ప్రార్థనలో జెండా పట్టుకుంటుంది. నాకు జెండా కావాలి. అంతకన్నా నర్సమ్మ కావాలి. నా తర్వాత మా అవ్వకు ఇద్దరు పుట్టి, పుట్టిన రోజే పోయారు. ఆ ఏడు మళ్ళీ ఆమెకు ఎనిమిదో నెల.

సున్నం తెచ్చినవాడు చర్ల మస్తాన్ మామ. సైకిల్ వెనక బస్తా కట్టుకుని ఊరూరా అమ్మేవాడు. "చేతుల్తో ముట్టొద్దు బేటీ, తోలు తింటది" అని చెప్పి, "ఎక్కడిదాకా ఏస్తరు?" అని అడిగాడు. "మా అవ్వ ఉన్నకాడికి, పోడు దాకా" అన్నాను. ఆయన బస్తా మూతి కడుతున్న చేయి ఆపాడు. "ఊరి దాకా చాలు బేటీ. ఆడికెల్లి అవతలికి వద్దు." ముసలాయనకు జెండా సంగతేం తెలుసు అనుకున్నాను.

రెండు రోజుల్లో ఊరు చేరాం. ఊళ్ళో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. నర్సమ్మ ఇక్కడిదాకా వచ్చి ఎవరిని చూస్తుంది? బకెట్ ఎత్తుకున్నాను. మా జట్టులో అందరికన్నా చిన్నది బుజ్జి ఏడుపు మొహం పెట్టింది.

"వద్దే అక్కా, అయ్య కొడ్తడు."

"నర్సమ్మ వస్తే ఎందుకు కొడ్తడే? పట్టు ఆ రాయి."

వాగు దాటాం. ఏ గడ్డీ పండుకోకూడదని పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి కాళ్ళు దాచుకుని నడిచిన నేల మీద, పది అడుగులకొక తెల్లరాయి పెట్టుకుంటూ పోయాం. ఆఖరి రాయి జొన్న చేను అంచున పెట్టాను. లోపల అవ్వ వడిసెల తిప్పుతూ చిలకల్ని తిడుతున్న కేకలు వినబడ్డాయి. పిలవలేదు. నర్సమ్మను చూసి ఆమే ఆశ్చర్యపోవాలని చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

జెండా మాకే వచ్చింది. మూడో రోజు ప్రార్థన అయ్యాక నేను జెండా పట్టుకునే ఉన్నాను. బడి ముందు రెండు బండ్లు ఆగాయి. ఖాకీ బట్టలవాళ్ళు దిగారు. ఏ ఆఫీసు వాళ్ళో మాకు తెలియదు, ఖాకీ వేసుకుంటే మాకు అందరూ ఒకటే. ఒకాయన నా చెంప తట్టి నవ్వాడు.

"ఈ రాళ్ళకు సున్నం ఎవరేశిన్రు? మంచిగున్నది."

"మేమే సారూ. మా ఇప్ప జట్టు."

"ఎక్కడిదాకా ఏశిన్రు?"

"పోడు దాకా" అన్నాను. నర్సమ్మ మనుషులేమో అనుకున్నాను. సంబరంగా చెప్పాను.

రెండో పీరియడ్లో గుట్ట వెనక పొగ లేచింది. నేను పరిగెత్తాను, నా వెనక మా జట్టు, దాని వెనక కన్నమ్మ జట్టు. మేం చేరేసరికి నడుమెత్తు జొన్న నరికి పడేసి ఉంది. గుడిసెలు కాలుతున్నాయి. మా మంచె మండుతూ కూలింది. గొడ్డలి కామతో కొట్టిన దెబ్బకు అయ్య తల నుదుటి నుంచి చెవి దాకా చీలింది, ఆ రక్తంతోనే చేతులు కట్టి ఈడ్చుకుపోతున్నారు. మేనమామ రాయి ఎత్తితే నలుగురు మీద పడి, ఉన్న సగం ముఖం కూడా తొక్కారు. అవ్వ కొడవలి పట్టుకుని అడ్డం నిలబడిందట. బూటు కాలితో తన్నారట. పొట్ట చేతుల్తో పట్టుకుని బూడిదలో పక్కకు పడి ఉంది. నన్ను చూసి, "దారెవలు జూపిన్రే?" అంది. నా చేతుల మీద ఇంకా సున్నం ఉంది. వెనక్కి పెట్టుకున్నాను.

మగవాళ్ళందరినీ తీసుకుపోయారు. మోయడానికి ఆడవాళ్ళం, పిల్లలమే మిగిలాం. ఊళ్ళోంచి మంచం తెచ్చి, వెదురు కట్టి, అవ్వను పడుకోబెట్టి ఎత్తాం. ముందు కాడి కన్నమ్మ పట్టింది, చెవి కట్టు మీద చెమట కారుతుంటే. "నడువే, ఏడ్వకు, రాళ్ళెంబడి నడువు" అని నన్ను తిట్టింది. ఆ రాళ్ళే లేకపోతే ఆ కంగారులో, ఆ పొగలో మెయిన్ రోడ్డు చేరేవాళ్ళం కాదు. అది కూడా చెప్పాలి. బిడ్డ మద్దిచెట్ల దగ్గర పుట్టింది. ఏడవలేదు. ఆడపిల్ల. అవ్వను దవాఖానాలో బతికించారు.

కొన్నాళ్ళకు అయ్య తలకు కట్టుతో తిరిగొచ్చాడు. సంగతి ఆయనకు బుజ్జి చెప్పింది. నా జుట్టు పట్టుకుని వాగు దాటించి, చేను అంచున ఉన్న ఆఖరి రాయి మీద నా మొహం ఆనించాడు. "గీకు. గోళ్ళతోని గీకు." నీళ్ళు పోసి గీకాను. గోళ్ళు విరిగాయి, పచ్చి వేళ్ళలోకి సున్నం దిగింది. తెలుపు పోలేదు, నా రక్తం కలిసి గులాబీ రంగైంది. అయ్య వెనక నిలబడి బరిగె ఝళిపిస్తూనే ఉన్నాడు.

ఎవరో వచ్చి నా పక్కన కూర్చున్నారు. చూస్తే కన్నమ్మ.

"జరుగు, లావుదానా."

"నువ్వెందుకే?"

"మంచం నేను మొయ్యలేదా? జరుగు."

కన్నమ్మ వెనకే మద్ది జట్టు, మా జట్టు, ఏడుస్తూ బుజ్జి. అందరూ తలొక రాయి ముందు కూర్చున్నారు. కాసేపు గీకి కన్నమ్మే లేచింది. "గీకితే పోదే ఇది. తిప్పుదాం." వాసం పెట్టి పొర్లిస్తే తెల్ల మొహం మట్టిలోకి పోయింది. పొద్దు గూకేలోపు చేను నుంచి ఊరి దాకా రాళ్ళన్నీ తిప్పేశాం. అయ్య బరిగె దించలేదు. "మెయిన్ రోడ్డు దాకా తిప్పుండ్రి" అన్నాడు.

"తిప్పను" అన్నాను. "రోడ్డు కాడికెల్లి ఊరి దాకా ఉండనీ అయ్యా. అవ్వను దవాఖానాకు ఆ దారిలనే తీస్కపోయినం."

దెబ్బ పడింది. మళ్ళీ అదే మాట అన్నాను. నా రెండు పక్కలా పిల్లలు వచ్చి నిలబడ్డారు. కన్నమ్మ నా భుజం పట్టుకుంది. రెండో దెబ్బ పడలేదు.

ఊరి దాకా ఉన్న ఆ రాళ్ళెంబడే నర్సమ్మ రావడం మొదలుపెట్టింది. రెండేళ్ళకు తమ్ముడు ఆమె చేతుల్లోనే పుట్టాడు, ఊరు దద్దరిల్లేలా ఏడ్చాడు. నా వేళ్ళు మానేసరికి బడి ఏడాది గడిచిపోయింది. బలపం పట్టుకోవడం మళ్ళీ రాలేదు, అయ్య మళ్ళీ పంపలేదు. మంచి చేయాలనుకునేవాళ్ళు, ఆ మంచి ఎవరి ఇంటి ముందు పెడుతున్నారో ఆ ఇంటివాళ్ళను ముందు అడగాలి. నేను చదివిన చదువు అదొక్కటే.

ఇప్పుడు ఆ పోడు లేదు. జొన్న ఉన్నచోట వరుసలు తీసి జామాయిల్ నాటారు, దాని కింద గడ్డి కూడా మొలవదు, చిలకలు రావు. వడిసెల తిప్పడం ఎవరికీ రాదు. అవ్వా అయ్యా పోయారు. కన్నమ్మ మణుగూరులో కొడుకు దగ్గరుంది. ఫోన్ చేస్తే హలో అనదు, "నా చెవి ఎప్పుడిస్తవే?" అంటుంది. రాళ్ళు మాత్రం అక్కడే ఉండాలి, తెల్ల మొహాలు మట్టిలో పెట్టుకుని.

మొన్న సాయంత్రం జ్యోతి గంతులేస్తూ వచ్చింది, మోచేతుల దాకా సున్నం.

"అమ్మమ్మా! మా గ్రూపే ఫస్ట్!"

"ఎక్కడిదాకా ఏశిన్రు?"

"వాగు దాకా. రేపు దాటుతం. అవతల గూడేనికి దారే కనపడదంట."

ఆ పిల్లను తొట్టి దగ్గరికి లాక్కుపోయాను. ముప్పై ఏళ్ళకు పైగా ముట్టని సున్నం, నా వంకర వేళ్ళతోనే కడిగాను, నీళ్ళు తెల్లగా పోయి మామూలు నీళ్ళయ్యేదాకా. నూనె రాశాను.

"రేపు నేను గూడ వస్తా" అన్నాను.

"నువ్వెందుకు అమ్మమ్మా? నీకు సున్నం పడదు గదా."

"బకెట్ ఇవతల గట్టు మీదనే పెట్టుండ్రి. ముందు నేను దాటి గూడెమోళ్ళను అడిగొస్తా. వద్దంటే ఆడికే ఆపాలె."

"జెండా పోతది మరి!"

"పోనీ" అన్నాను.