నా పిక్క బలం

గోదావరిఖనిలో గని గేటుకు పోయే రోడ్డు పక్కన మా టిఫిన్ బండి ఉంటుంది. మొదటి షిఫ్టు వాళ్ల కోసం తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తే, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నేను పెనం ముందు నిలబడే ఉంటాను. నా భర్త పిండి రుబ్బుతాడు, ప్లేట్లు అందిస్తాడు. దోసె మాత్రం నా చేతిదే.

ఎడమ పిక్క మీద నరాలు నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బి చాలా ఏళ్లయింది. నిలబడే పని కదా, అంతేలే అనుకున్నాను. తర్వాత చీలమండ పైన, లోపలి వైపు చర్మం నల్లబడింది. ఒకరోజు గోకిన చోట పుండు పడింది. ఆకు పసరు పూశాను, మందుల షాపు పొడి చల్లాను. పైకి ఎండినట్టే ఉండి మళ్లీ రసి కారేది. చీర అంచు తడిసి కాలికి అతుక్కుపోయేది. షుగర్ పరీక్ష చేయిస్తే లేదన్నారు. మరి ఎందుకు మానదో ఎవరికీ తెలియలేదు.

ఒక ఉదయం, రోజూ మా దగ్గర తినే కార్మికుడొకాయన నా కాలు చూసి ఆగాడు.

"వదినా, మా కాకకు గిట్లనే పుండైతే కాలు తీసేసిండ్రు. జల్ది చూపించుకో."

ఆ మాటకు నేను అట్లే ఉండిపోతే పెనం మీద దోసె మాడిపోయింది. మరుసటి రోజు బండి మూసి దవాఖానకు పోయాం.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందు పుండును కాదు, నా పాదం పైభాగాన్ని వేళ్లతో నొక్కి చూసింది.

"ఇక్కడ నాడి మంచిగ కొట్టుకుంటున్నది. గుండె నుంచి రక్తం కిందికి సక్కగనే వస్తున్నదక్కా. మళ్ల పైకి పోవుడే కష్టమైతున్నది."

"కాలు తీసేస్తరా మేడం?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అని నవ్వి, నా భర్తను చెయ్యి ముందుకు చాపమంది. మోచేయి పైన రబ్బరు గొట్టం కట్టగానే ముంజేతి మీద సిరలు లేచాయి. ఒక సిరను కింద వేలితో నొక్కి పట్టి, ఇంకో వేలితో పైకి తుడిచింది. తుడిచినంత మేర సిర ఖాళీ అయింది. పైన రక్తం నిండుగా ఉన్నా, కిందికి మాత్రం దిగలేదు. కింది వేలు తీయగానే బుస్సున నిండింది. మేమిద్దరం నోరు తెరిచి చూశాం.

"సిరల లోపట చిన్న చిన్న తలుపులుంటయి. రక్తాన్ని పైకి పోనిస్తయి, కిందికి రానియ్యవు. నీ కాలిల తోలు కిందనే ఉండే సిర తలుపులు చెడిపోయినయి. ఎక్కిన రక్తం జారి చీలమండ కాడ నిలుస్తున్నది. ఆ ఒత్తిడికే చర్మం పాడై పుండు పడ్డది."

"మరి కాలిల రక్తాన్ని పైకి తోసేదెవరు?"

"నీ పిక్కే. నడిచినప్పుడల్లా బిగుసుకొని లోపలి సిరలను పిండుతది. నువ్వు నడవవైతివి, కూసోవైతివి, కదలకుంట నిలబడితివి."

నిలబడడం, నడవడం కాలికి ఒకటే కష్టం అనుకునేదాన్ని. ఆ తేడా అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

స్కాన్ తీసి, చెడిపోయిన సిరను లేజర్‌తో మూసేస్తామన్నారు. "మూస్తే రక్తం ఎటు పోతది?" అని అడిగాను. "లోపట పెద్ద సిరలు మంచిగున్నయి, గవి సాలు" అంది. లేజర్ చేసిన రోజే, కాలి వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది దాకా సాగే పట్టీ బిగించి కట్టడం నా భర్తకు నేర్పింది. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండ్లు పెట్టుకోవాలి, రోజూ నడవాలి అని చెప్పింది.

ఎండాకాలం వచ్చింది. మా దగ్గర ఎండలంటే తెలిసిందే. దాని మీద పొయ్యి సెగ, దాని మీద ఈ పట్టీ. ఒక మధ్యాహ్నం విప్పి పారేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు ఇప్పితే మళ్ల మొదటికొస్తది. నీళ్లు తాగు, ఇట్ల కూసో. దోసె నేను పోస్త."

ఆయన పోసిన దోసెలు పెనానికే అంటుకున్నాయి. అయినా గిరాకీలు ఏమీ అనకుండా తిన్నారు.

నేను పెనం ముందు మడమలు ఎత్తుతూ దించుతూ ఉండేదాన్ని. "ఏంది వదినా, డాన్స్ నేర్సుకుంటున్నవా?" అని నవ్వేవాళ్లు. "నా పిక్కకు గూడ డ్యూటీ పడ్డదన్నా!" అనేదాన్ని.

పుండు అంచుల నుంచి ముడుచుకుంటూ వచ్చింది. వానలు పడే రోజుల్లో ఒకసారి చూపించుకోవడానికి పోతే, డాక్టరమ్మ పట్టీ విప్పి, వేలితో మెల్లగా తడిమింది. పుండు లేదు. ఆ చోట లేత గులాబీ రంగు కొత్త చర్మం, పొడిగా.

"మానిపోయిందక్కా. నువ్వు గెల్చినవ్. కానీ ఇక నుంచి రోజూ బిగువు సాక్స్ వేసుకోవాలె."

నా భర్త కండువాతో కళ్లు తుడుచుకుని, బయటకు రాగానే ఆటోను పిలిచాడు. నేను వద్దన్నాను. చీర కొంగు నడుముకు దోపి, పెద్ద రోడ్డు మీద నడక మొదలుపెట్టాను. బట్టల దుకాణాలు దాటాను, బస్టాండు దాటాను. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుంటోంది, వదులవుతోంది. పుండు సలపడం లేదు, కాలు బరువు లేదు. ఎవరైనా అడిగితే బాగుండు, అక్కడికక్కడే కాలు చూపించేదాన్ని.

"జర మెల్లగ నడువే!" వెనక నుంచి ఆయన ఆయాసపడుతూ అరిచాడు.

నేను ఇంకాస్త జోరు పెంచాను.